నవ్వితే నీడే

రోడ్డుకి అడ్డంగా జానెడు ఎత్తున కాస్త తారు పోస్తే తీరిపోయే పనికి నేను ఆరేళ్ళు కష్టపడి ఒక యంత్రం కనిపెట్టాను. అందుకు నాకు శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పటికీ బీరువాలోనే ఉంది. దాన్ని ఇల్లు తుడిచే గుడ్డల్లో పడెయ్యమని మా అత్తగారు వరహాలమ్మ పోరుతూనే ఉన్నారు. నాకు ఇంకా అంత సిగ్గు వచ్చినట్టు లేదు.

మా ఊరి పేరు చెప్పను. చెబితే ఊరికి సన్మానం చేసినట్టవుతుంది. సముద్రం ఒడ్డున ఉంటుంది, వీధులు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంటాయి. ఆ తిన్నదనం చూసుకుని ఊరివాళ్ళు తెగ మురిసిపోతుంటారు. మా లెక్చరర్ల కాలనీ ఏడో వీధిలో ఈ చివర నిలబడితే ఆ చివర ఇస్త్రీ బండి మీద ఎన్ని చొక్కాలున్నాయో చెప్పొచ్చు. అలాంటి వీధిని చూస్తే స్టీరింగు పట్టుకున్నవాడి కాలు ఊరుకుంటుందా? ఇళ్ళ ముందు పిల్లలు ఆడుకుంటుంటే వాళ్ళ మధ్యలోంచి చప్పుడు చెయ్యని కరెంటు కార్లు దూసుకుపోయేవి.

ఇళ్ళున్న ఏ వీధిలోనూ ఏ బండీ గంటకి ఇరవై కిలోమీటర్లు దాటకూడదని, దాటకుండా ప్రతి వీధిలో స్పీడ్ బ్రేకరో, మలుపో, ఇరుకో కట్టి తీరాలని ఆ రోజుల్లో ఒక చట్టం వచ్చింది. నివాస వీధుల నిదాన చట్టం అన్నారు. అంత బుద్ధిగా రాసిన చట్టాన్ని నేను అంతకుముందు చూడలేదు. మా వీధిలో మూడు స్పీడ్ బ్రేకర్లు వేశారు. నాలుగు నెలలపాటు పిల్లలు రోడ్డుని తమలో తాము పంచుకుని ఆడుకున్నారు, ఒక్కడికి మోకాలు కూడా చీరుకుపోలేదు.

పిల్లలు సుఖపడితే పెద్దలకి నడుం నొప్పి పుడుతుంది. కాలనీ సంఘం అధ్యక్షుడు పేర్రాజు గారికి ముందుగా పుట్టింది. ఆయన బ్యాంకు మేనేజరుగా రిటైరైన మనిషి, కొత్త కారు కొన్నాక నడవడం మానేసిన మనిషి. ‘కారు అడుగుభాగం గీరుకుపోతోందండి బాబూ’ అని ఆయన ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించారు. తన కారుకి అడుగుభాగం ఉందని మా కాలనీలో ప్రతి పెద్దమనిషికీ ఆ వారమే తెలిసింది. ఆ పైన ఒక మంత్రిగారు ఎవరిదో గృహప్రవేశానికి మా వీధిలోంచి వెళ్ళాల్సి వచ్చింది. ఒక్క మధ్యాహ్నంలో మూడు స్పీడ్ బ్రేకర్లనీ పెకలించి పారేశారు. మంత్రిగారు ఒక్క కుదుపు లేకుండా వెళ్ళి, భోంచేసి, ఒక్క కుదుపు లేకుండా తిరిగి వెళ్ళారు. మళ్ళీ వేస్తామన్నారు. వేస్తారు, గాడిద గుడ్డు!

చట్టంలో చివరన ఒక వెసులుబాటు ఉంది. స్పీడ్ బ్రేకర్లు కట్టలేని చోట వాటికి సమానమైన సాంకేతిక ఏర్పాటు ఏదైనా చెయ్యొచ్చు అని. ఎలుక దూరే కన్నం ఉంటే చాలు, మా ఊళ్ళో ఏనుగులు దూరతాయి. ఆ కన్నంలోంచి మొదట దూరిన ఏనుగుని నేనే.

నేను ఇంజనీరింగు కాలేజీలో కాంతిశాస్త్రం చెబుతాను. మా ఊరి గాలిని పిండితే నీళ్ళు కారతాయి. ఆ తేమ మీద వెలుగుని నిలబెట్టి, తెర లేకుండా బొమ్మ కట్టించవచ్చని ఆరేళ్ళుగా నా పరిశోధన. మనిషి ఎత్తు బొమ్మ, పట్టపగలు కూడా కనబడేది, కింద రోడ్డు మీద దాని నీడ కూడా పడినట్టు కనబడేది. స్తంభాల మీద నాలుగు పెట్టెలు చాలు. వచ్చే బండి ఇరవై దాటితే వాటికి తెలుస్తుంది, బొమ్మ బండికి అడ్డంగా వస్తుంది, తోలేవాడి కాలు బ్రేకు మీద పడుతుంది. ఇరవై దాటకపోతే రోడ్డు మీద ఏమీ ఉండదు.

ఏ బొమ్మ పెట్టాలన్నదే చిక్కు. కాలేజీ గ్రౌండులో మా వాళ్ళ కార్లతోనే పరీక్షించాను. ఎర్రటి గోడ పెడితే నవ్వారు. కుక్కని పెడితే హారన్ కొట్టారు. ఆవుని పెడితే ఆగారు కానీ, ఆగి దణ్ణం పెట్టుకున్నారు, వెనకున్న కారు వచ్చి గుద్దింది. కంప్యూటరులో గీసిన పిల్లని పెడితే ఎవడూ కాలు కదపలేదు. ఆ నడకలో ఏదో తేడా ఉందని కంటికంటే ముందు కాలికి తెలిసిపోతోంది. నిజం పిల్ల కావాలి.

మా డిపార్టుమెంటులో ముగ్గురికి ఆ ఈడు పిల్లలున్నారు. ముగ్గురూ డాక్టరేట్లు చేసినవాళ్ళే. ‘దిష్టి తగులుతుందండీ’ అని ఒకరు, ‘మా ఆవిడ ఒప్పుకోదండీ’ అని ఒకరు తప్పుకున్నారు, మూడో ఆయన ఆ వారం సెలవు పెట్టాడు. వాళ్ళని చూసి నాకు పరమ అసహ్యం వేసింది. నా కూతురు మృణాళినిని, మేం మిన్ను అని పిలుచుకునే ఎనిమిదేళ్ళ పిల్లని, చెయ్యి పట్టుకుని లాబుకి తీసుకెళ్ళాను.

అద్దాలకి దుమ్ము పనికిరాదు కనక మా లాబులో ఎవరైనా చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. మిన్ను పసుపు గౌను వేసుకుని ఒట్టి కాళ్ళతో ఈ గోడనించి ఆ గోడకి పరిగెత్తింది. పదకొండుసార్లు పరిగెత్తించాను. పన్నెండోసారి సగం దూరంలో ఉండగా ఊరికే ‘మిన్నూ!’ అని పిలిచాను. పరుగు ఆపకుండానే నా వైపు తిరిగి, ఎడంచెయ్యి పైకెత్తి నవ్వింది. ఆ నవ్వుకి గ్రౌండులో కార్లన్నీ టైర్లు అరిచేలా ఆగిపోయాయి. పన్నెండోదే ఉంచాను.

ఆ సాయంత్రం వంటింట్లో అత్తగారు బీరకాయ చెక్కు తీస్తూ అంతా విన్నారు. మా ఆయన ఓడ మీద ఇంజనీరు, ఏడాదికి రెండుసార్లు కనబడతారు. ఇంట్లో నాతో పోట్లాడే పని కూడా ఈవిడదే.

‘పిల్ల రూపాన్ని తీసుకెళ్ళి బండ్ల కింద పడేస్తావటే?’ అన్నారు.

‘రూపం కాదండీ అత్తయ్య గారూ, వెలుగు. దానికేమవుతుంది?’

‘దానికేమీ అవదు. చూసేవాళ్ళకి అలవాటైపోతుంది. మాంసం కొట్టు పక్కన కాపరం ఉన్నవాళ్ళకి వాసన తెలుస్తుందా?’

మర్నాడు ఈ మాట లాబులో చెప్పి అందరినీ కడుపుబ్బ నవ్వించాను. చదువుకోని ముసలావిడ సైన్సుకి అడ్డు పడుతోందని అన్నాను. ఆ నవ్విన వాళ్ళలో పిల్లని ఇవ్వని ముగ్గురూ ఉన్నారు.

చట్టం అమలు చెయ్యడానికి మా ఊళ్ళో ఒక ఆఫీసు, ఆ ఆఫీసుకి నిదానాధికారి అని ఒక ఆఫీసరు వెలిశారు. పేరు ధనుంజయరావు. ఆయన కారు ఎప్పుడూ అరవైకి తగ్గేది కాదు, నిదానం బోర్డు మటుకు కారు ముందు అద్దంలోనే ఉండేది. ఆయనకి నా యంత్రం తెగ నచ్చింది. తవ్వక్కర్లేదు, పొయ్యక్కర్లేదు, మంత్రిగారు వచ్చినప్పుడు మీట నొక్కి ఆపేసుకోవచ్చు. దానికి బాలఛాయ అని నామకరణం చేశారు. జనం నీడపాప అన్నారు. హక్కులన్నీ ఆఫీసుకి రాసిచ్చాను, శాలువా కప్పించుకున్నాను, ‘స్పీడ్ బ్రేకర్ల యుగం ముగిసింది’ అని వేదిక మీద ఉపన్యాసం కూడా దంచాను.

మొదటి నెల నిజంగానే అద్భుతం జరిగింది, అది దాచను. మొట్టమొదటి రోజు పేర్రాజు గారు కారు రోడ్డు మీదే వదిలేసి మా ఇంట్లోకి వచ్చి కూలబడ్డారు. ‘మా మనవరాలే అనుకున్నానమ్మా. గుండె ఆగిపోయిందనుకో. ఇంకెప్పుడూ జోరుగా నడపను’ అని గ్లాసుడు నీళ్ళు గటగటా తాగారు. నాకు ఆయన మీద గౌరవం లాంటిది కలిగింది. నెల తిరక్కుండా పద్నాలుగు వీధుల్లో పెట్టారు, ఆరు నెలలకి ఎనభై వీధులయ్యాయి. మిన్ను సంబరం చెప్పనలవి కాదు. ‘అమ్మా, నేను చేపల మార్కెట్టు వీధిలో కూడా ఉన్నానట! మా క్లాసులో అందరి వీధిలోనూ నేనే!’ అని గెంతేది. పిల్లలు మళ్ళీ రోడ్డు మీదకి వచ్చారు. సుద్దముక్కతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడారు. వాళ్ళ తల్లులు గుమ్మాల్లోంచి లోపలికి వెళ్ళిపోయి నిశ్చింతగా పనులు చేసుకున్నారు, నా యంత్రం చూసుకుంటుంది కదా అని.

మనుషులు మంచి నేర్చుకోవడానికి నూరేళ్ళు చాలవు కానీ, దాన్ని తప్పించుకోవడం మూడు నెలల్లో నేర్చుకుంటారు. ఈ విద్యకి కూడా పేర్రాజు గారే మొదటి గురువు. ఆయన ఒక ఆదివారం మిద్దె మీద కుర్చీ వేసుకుని నీడపాపని నలభైసార్లు శ్రద్ధగా గమనించారు. బ్యాంకులో ఉండగా దేన్నయినా అంత శ్రద్ధగా చూశారో లేదో నాకు తెలీదు. తర్వాత సంఘం సమావేశంలో అందరికీ పాఠం చెప్పారు.

‘ఏం లేదండీ. కాళ్ళకి చెప్పులుండవు. సగం దూరం వచ్చాక చెయ్యెత్తి నవ్వుతుంది. నవ్విందా, నీడే! బ్రేకు వెయ్యక్కర్లేదు, వెళ్ళిపోవచ్చు.’

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ రోజునించి మా ఊళ్ళో ‘నవ్వితే నీడే’ అన్నది సామెతైపోయింది. కుర్రకారు బైకుల మీద నీడపాపలోంచి దూసుకుపోతూ వీడియోలు తీసుకున్నారు. పెళ్ళి ఊరేగింపు కారు కూడా ఒకసారి నా కూతురిలోంచి వెళ్ళింది, వధూవరులు చెయ్యి ఊపారు.

వాళ్ళందరినీ తిట్టుకుంటూనే ఉన్నాను. ఒక సోమవారం ఉదయం పక్క ఊళ్ళో నాకు సన్మానం. ఆలస్యమైపోయింది. మిన్నుని బడి దగ్గర దింపాలి, అది వెనక సీట్లో కూచుని జడ అల్లుకుంటోంది. మా వీధిలోనే నలభై దాటించాను. పసుపు గౌను కనబడింది, సగం దూరంలో చెయ్యి లేచింది. నీడని కట్టినదాన్ని నేనే. నాకంటే బాగా ఎవరికి తెలుసు? కాలు కదపలేదు. కారులోంచి ఒక వెలుగు జారిపోయినట్టయింది, అంతే.

వెనక సీట్లో మిన్ను జడ అల్లడం ఆపేసింది.

‘అమ్మా, నన్ను గుద్దేశావు.’

‘నిన్ను కాదే పిచ్చిదానా, నీడని.’

‘నేనైతే ఆగేదానివా?’

‘అదేం మాటే? ఆగనా?’

‘మరి నేనో నీడో నీకెలా తెలిసింది?’

‘నువ్వు కార్లో ఉన్నావుగా!’ అన్నాను. దాని సందేహం అక్కడితో తీర్చేశాననుకున్నాను. ఆ సన్మానంలో కూడా శాలువాయే.

కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. లాబుకి వెళ్ళి యంత్రాలు దాచిపెట్టిన లెక్కలు తీశాను. పాప కనబడిన క్షణం, బ్రేకు పడిన క్షణం, ఎనభై వీధులవీ ఉన్నాయి. మొదటి నెల అందరూ ఆగారు. మూడో నెలకి సగంమంది ఆగారు. ఎనిమిదో నెలకి నూటికి తొంభైమంది కాలు కూడా ఎత్తడం లేదు. అది నేను ఊహించిందే. ఊహించనిది తర్వాత కనబడింది. యంత్రం లేని నాలుగు వీధుల్లో కెమెరాలు పెట్టి, నిజం పిల్లలు రోడ్డు దాటుతుంటే బండ్లు ఎలా ఆగుతున్నాయో చూశాను. అక్కడ కూడా బ్రేకు ఆలస్యంగా పడుతోంది. అరక్షణం, ముప్పావు క్షణం. తోలేవాడు ముందు ‘నిజమా, నీడా’ అని చూసుకుంటున్నాడు, ఆ తర్వాతే కాలు కదుపుతున్నాడు. పిల్ల కనబడగానే ఆగిపోయే కాలు తల్లి కడుపులోంచి తెచ్చుకున్నది. దాన్ని నేను ఊరు ఊరంతటికీ ఎనిమిది నెలల్లో మాన్పించాను. బీరకాయ చెక్కు తీస్తూ మా అత్తగారు చెప్పిందే ఇది.

కాయితాలు పట్టుకుని నిదానాధికారి దగ్గరికి పరిగెత్తాను.

‘ఆపేద్దామండీ. స్పీడ్ బ్రేకర్లు వేయించండి’ అన్నాను.

ధనుంజయరావు గారు కాయితాలు తిరగేసి చూశారు, అంటే తలకిందులుగా చూశారు. ‘భలేవారే మేడమ్! పదో తారీఖున మంత్రిగారు వచ్చి నాలుగు జిల్లాలకి ప్రారంభోత్సవం చేస్తారు. శిలాఫలకం కూడా చెక్కించేశాం. మీ పేరు ఉందండి దాని మీద.’

‘జనం పిల్లల్లోంచి కారు నడపడం నేర్చుకుంటున్నారండీ.’

‘నీడల్లోంచి కదండీ?’

‘కాలికి ఆ తేడా తెలీదండీ!’

ఆయన కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించినప్పుడల్లా ఊరికి ఏదో ఒకటి మూడుతుంది. ‘తేడా తెలిసేలా చేద్దామండీ. నిజం పిల్లలకి నారింజ రంగు టోపీలు పెట్టిద్దాం. టోపీ ఉంటే నిజం, లేకపోతే నీడ. తేలిపోయింది.’

‘టోపీ నీడకే పెట్టొచ్చుగా?’

‘నీడకి పెడితే అది నీడని అందరికీ తెలిసిపోదూ?’ అని ఆయన నన్ను జాలిగా చూశారు.

నేను అక్కడే కూచుని గొడవ చెయ్యాల్సింది. పత్రికలకి చెప్పాల్సింది. మా వీధి స్తంభం ఎక్కి పెట్టె పీకాల్సింది. పది రోజులే కదా, ప్రారంభోత్సవం అయ్యాక చూద్దాం అనుకున్నాను. శిలాఫలకం మీద పేరు ఉంది మరి. నేను చేసిందల్లా ఒక్కటే. ఇంటికి వచ్చి, ‘ఈ పది రోజులూ మిన్ను గుమ్మం దాటకూడదు’ అని అత్తగారికి చెప్పాను. ఊళ్ళో పిల్లలందరి మాటా ఏమో, నా పిల్లని మటుకు లోపల పెట్టి గడియ వేసుకున్నాను. ఇంతసేపూ పేర్రాజు గారినీ ధనుంజయరావు గారినీ ఆడిపోసుకున్నాను కానీ, ఈ కథలో అందరికంటే నీచమైన పని ఇదే.

కాలనీ సంఘం మూడు రోజుల్లో టోపీలు తెప్పించింది. అన్నీ ఒకే కొలత, పెద్దవాళ్ళ తలకి సరిపోయేవి. పిల్లలు పెట్టుకుంటే ముక్కు దాకా దిగుతున్నాయి. టోపీ లేకుండా రోడ్డు మీదకి వచ్చిన పిల్లల బాధ్యత తల్లిదండ్రులదేనని నోటీసు అంటించారు, కింద పేర్రాజు గారి సంతకం.

ఐదో రోజు సాయంత్రం ఐదున్నరకి నేను కాలేజీలోనే ఉన్నాను, ప్రారంభోత్సవానికి ఉపన్యాసం రాసుకుంటున్నాను. అత్తగారు దేవుడి దగ్గర దీపం పెడుతున్నారు. వీధిలో పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతున్న కేకలు వింటూ ఎనిమిదేళ్ళ పిల్ల ఐదు రోజులు లోపల కూచుంది. అంతకంటే ఎంతసేపు కూచుంటుంది? గడియ తీసుకుని వెళ్ళింది. బుద్ధిగా టోపీ కూడా పెట్టుకునే వెళ్ళింది. కళ్ళు కప్పేస్తుంటే గళ్ళు కనబడక తీసి గోడ మీద పెట్టింది. తొక్కుడుబిళ్ళ ఎవరైనా చెప్పులేసుకుని ఆడతారా? చెప్పులు కూడా గోడ పక్కనే విప్పింది. బిళ్ళ జారి రోడ్డుకి అవతల పడింది. దానికోసం పరిగెత్తింది. సగం దూరంలో ఉండగా దాని స్నేహితురాలు వెనకనించి ‘మిన్నూ!’ అని పిలిచింది. పరుగు ఆపకుండానే తిరిగి, ఎడంచెయ్యి పైకెత్తి నవ్వింది.

పేర్రాజు గారు నలభై ఐదులో వస్తున్నారు. ఆయన చూశారు. బాగానే చూశారు.

పోలీసులకి ఆయన ఏడుస్తూ చెప్పింది నా చెవులతో విన్నాను. ‘చెయ్యెత్తి నవ్విందండి. చెప్పుల్లేవు, టోపీ లేదు. నవ్వితే నీడే కదండీ... చప్పుడు వినబడేదాకా నీడే అనుకున్నానండి.’ చుట్టూ నిలబడ్డవాళ్ళు ఆయన భుజం తట్టారు. ‘పాపం, ఆయన తప్పేముంది? టోపీ పెట్టుకోవాలని నోటీసు ఉంది కదా’ అని ఒకాయన అన్నాడు. అలా అన్నాయనకి పెద్ద ఉద్యోగం, ఇద్దరు పిల్లలు.

మిన్ను బతికింది. అంతవరకు దేవుడికి, డాక్టర్లకి దణ్ణం. ఎడంకాలు తొడ దగ్గర రెండు చోట్ల విరిగింది. మూడు ఆపరేషన్లు చేశాక డాక్టరు గారు నన్ను పక్కకి పిలిచి, కాలు అంగుళం పొట్టిగా ఉంటుందని, నడుస్తుంది కానీ పరిగెత్తడం అంటే కష్టమని చెప్పారు. నేను అక్కడే నేల మీద కూచున్నాను. అత్తగారు వచ్చి నా పక్కన కూచున్నారు. ‘చెప్పానా’ అంటారనుకున్నాను. అననేలేదు. ‘గడియ నేనే చూసుకోవలసిందమ్మాయ్’ అని తన తలే కొట్టుకున్నారు. నాకు ఏడుపు అప్పుడు వచ్చింది.

ఇంటికి వచ్చిన వారానికి ధనుంజయరావు గారు యాపిల్ పళ్ళతో పరామర్శకి వచ్చారు. వెనకే పేర్రాజు గారు తల వంచుకుని వచ్చారు. ప్రారంభోత్సవం ఘనంగా జరిగిందట, నేను లేని లోటు తెలియనివ్వలేదట. మిన్ను గోడ పట్టుకుని గదిలోంచి హాల్లోకి నడవడం ధనుంజయరావు గారు కన్నార్పకుండా చూశారు. ఆయన మొహం మెల్లిగా వికసించింది. ఆలోచన వచ్చింది!

‘ఒక రకంగా చూస్తే మేడమ్, ఇక మీదట ఆ ఇబ్బంది రాదండి. నీడ చక్కగా పరిగెడుతుంది. మన పాప కొంచెం... అడుగు తేడాగా వేస్తుంది కదా. ఎవరైనా ఇట్టే గుర్తుపట్టేస్తారు.’

‘అదీ నిజమేనండి’ అన్నారు పేర్రాజు గారు. ఓదార్పుగానే అన్నారు. అది ఓదార్పేనని ఇద్దరూ మనస్ఫూర్తిగా నమ్మారు.

అత్తగారు పళ్ళబుట్ట తీసుకెళ్ళి వీధిలోకి గిరవాటు పెట్టారు. ‘లెండి, ఇద్దరూ లేచి బయటికి నడవండి’ అన్నారు. నడిచారు.

మర్నాడు ఆదివారం పొద్దున్నే నేను నిచ్చెన వేసుకుని మా వీధి స్తంభాల మీది నాలుగు పెట్టెలూ పీకేశాను. తర్వాత ఇటుకలు, కంకర, రెండు బస్తాల సిమెంటు తెప్పించాను. డెబ్భై ఏళ్ళ వరహాలమ్మ గారు ముక్కాలి పీట వేసుకుని రోడ్డు మధ్యలో కూచుని, నేను పోసిన సిమెంటుని తాపీతో అట్టు తిరగేసినంత శ్రద్ధగా నున్నగా చదును చేశారు. జానెడు ఎత్తు. నాకు డాక్టరేటు ఇచ్చినవాళ్ళెవరూ అంత అందంగా ఉన్నదేదీ నా చేత చేయించలేదు. మూడో రోజు పేర్రాజు గారు దాని మీదకి వచ్చారు. అది నవ్విందా లేదా అని చూసుకునే పని లేదు కనక, బ్రేకు వేశారు.

వారంలో నోటీసు వచ్చింది. వీధిలో ఆమోదం పొందిన సాంకేతిక ఏర్పాటుని ధ్వంసం చేసి అనుమతి లేని అడ్డంకి కట్టినందుకు నిదాన చట్టం కిందే నా మీద కేసు పెట్టారు. పిల్లల కోసం రాసిన చట్టం కింద మా ఊళ్ళో పడిన మొదటి కేసు అదే. నేను కూడా మిగిలిన డెబ్భై తొమ్మిది వీధుల్లో యంత్రాలు తీసెయ్యాలని కోర్టుకి వెళ్ళాను. హక్కులు నావి కావు కనక నాకు అడిగే అర్హత లేదని వాళ్ళ వకీలు వాదిస్తున్నాడు. వాయిదాలు నడుస్తున్నాయి.

మిన్నుని వారానికి మూడుసార్లు కాలికి వ్యాయామం చేయించడానికి తీసుకెళ్తాను. పన్నెండో వీధి మీదుగా దారి. మొన్న బుధవారం సాయంత్రం ఆ వీధి మలుపు తిరుగుతుండగా వెనక సీట్లోంచి అడిగింది.

‘అమ్మా, కోర్టులో నువ్వు గెలిస్తే అన్ని వీధుల్లోనూ తీసేస్తారా?’

‘తీసేస్తారు.’

‘అప్పుడు నేను పరిగెత్తడం ఇంకెక్కడా ఉండదు కదా?’

నేను అద్దంలోంచి దాని వైపు చూశాను.

‘ఒక్కసారి జోరుగా నడపవా అమ్మా? ఇరవై దాటితే కనబడతాను. చూడాలని ఉంది.’

‘వద్దమ్మా.’

‘అప్పుడు ఒకసారి నాలోంచి వెళ్ళిపోయావుగా, ఏమీ కాలేదుగా. అలాగే వెళ్ళు.’

ముల్లు పందొమ్మిది దగ్గర ఉంది. అక్కడే పట్టుకున్నాను. కాలు ఇంకొంచెం కూడా కిందికి దిగకుండా బిగపట్టుకున్నాను. వెనక కారువాడికి నా నిదానం ఒళ్ళు మండించింది, హారన్ మీద హారన్ కొట్టాడు. చివరికి విసుగెత్తి కుడివైపునించి నన్ను దాటుకుని రివ్వున ముందుకి పోయాడు.

ఎడమవైపు గోడ పక్కనించి పసుపు గౌను వచ్చింది. ఒట్టి కాళ్ళు, రెండూ సమానంగా ఉన్న కాళ్ళు. సగం రోడ్డు పరిగెత్తి, మా వైపు తిరిగి, ఎడంచెయ్యి పైకెత్తి నవ్వింది.

‘చూశావా అమ్మా, ఎంత బాగా పరిగెడుతున్నానో!’ అని మిన్ను చప్పట్లు కొట్టింది.

ఆ కారు వెనక ఎర్రదీపాలు వెలగనే లేదు.